ఒకే పిండి, మూడో తట్ట

కుక్కర్లో ఇసక పోసి, గాస్కెట్టు తీసేసి
మా యామిని బిస్కెట్లు కాల్చింది.
ఆదోని ఎండకి కుక్కరు కూడా ఎందుకే అని
వాళ్లమ్మ నవ్వింది.

బడిలో సైన్సు మేళా అంట.
చక్కెరా, బెల్లమా, జనం నోటికి ఏది ఇంపు?
ఇదీ ప్రశ్న.
రెండు స్టీలు తట్టలు, చాలక ఒక పూల గాజు తట్ట,
వాటి కింద ఏ, బి, సి చీటీలు.
ఐదుకు మార్కులు. మా వీధిలో పద్దెనిమిది నోళ్లు.

ఈరమ్మవ్వ అన్నిటికీ ఐదే ఏసింది.
"బిడ్డ చేసింది గదమ్మా, తక్కువేస్తే నా నోరు పడిపోదా?"
టైలరు ఖాజా వక్కాకు నములుతానే రుచి చూసినాడు.
కాంపౌండరు మద్దిలేటి కండ్లు మూసుకొని
చానాసేపు ఆలోచించి మూడేసినాడు,
మూడుసార్లూ మూడే.
మారెప్ప కొడుకు జలుబు ముక్కు ఎగబీలుస్తా
సి తట్టలో నాలుగు తినేసినాడు.
ఎందుకురా అంటే, "ఆకలి" అన్నాడు.
ఆ మాటకి కాగితంలో గడి లేదు.

రాత్రి లైటు కింద కూడికలు.
ఏ కి యాభై ఒకటి.
బి కి అరవై రెండు.
సి కి డెబ్బై.

"బి బెల్లం గదా, మరి సి లో ఏం కలిపినావు?"
"ఏమీ కలపలే నాయనా. ఏ, సి ఒకటే.
ఒకే చక్కెర ముద్దని రెండు తట్టల్లో పెట్టినా,
జనం నిజం చెప్తారో లేదో చూద్దామని."
"చెప్పలేదన్నమాట" అన్నా.
"అబద్ధమూ చెప్పలే" అనింది పెన్సిలు కొరుకుతా.
"ఏ తట్ట అందరికీ మొదట పెట్టినా,
అప్పుడు నోట్లో టీ వగరు ఉండిందేమో.
సి ది పూల తట్ట. చూపుకే తీపేమో.
ఒకే బిస్కెట్టుకి యాభై ఒకటీ, డెబ్బై వస్తే
నడుమ ఉండే అరవై రెండుని
నేను ఏమని రాసేది నాయనా?"

ఇరవై రెండేండ్లుగా యార్డులో నా నాలుకే త్రాసు.
దలాలి అంగడి ముందర మూట విప్పితే
పిడికెడు బుడ్డలు నలిపి, పొట్టు ఊది,
రెండు గింజలు కొరికి ధర చెప్తా.
నూనె ఎంతుందో నా పంటికి తెలుస్తాది.
తెలుస్తాదనే అనుకుంటి.

పోయిన కార్తీకంలో పెద్దకడబూరు అన్నదమ్ములు.
అన్న తెల్ల పంచెతో పొద్దున్నే వచ్చె.
తమ్ముడు మిట్టమధ్యాహ్నం, ఒళ్లంతా లారీ దుమ్ముతో,
నేను అన్నం తిని ఆవలిస్తా ఉన్నప్పుడు.
అన్నకి క్వింటా ఆరువేల నాలుగొందలు.
తమ్ముడికి ఐదువేల తొమ్మిదొందలు.
"ఒకే చేను సామీ, నడుమ గట్టు కూడా ఇంకా ఏసుకోలేదు."
"నాలుక అబద్ధమాడదు నాయనా" అంటి.
ఆయప్ప వాదించలేదు.
తాడు చుట్టుకుంటా, ఎవరూ చూడరనుకొని,
ఒక గింజ తానే కొరికి చూసుకున్యాడు.

యామిని కొత్త కాగితం తీసింది.
ఈసారి వరస మారుస్తాదంట,
తట్టలన్నీ ఒకే రకం, నడుమ నడుమ నీళ్లు.
"మొదట నువ్వే" అని
నా టువాలు నా కండ్లకే కట్టింది.

చీకట్లో ఒక ముక్క. గుటికెడు నీళ్లు. ఇంకో ముక్క.
పెదవికి పొడి, కాలిన ఇసక వాసన, తీపి.
ఇరవై రెండేండ్ల నాలుకని అంగిట్లో తిప్పి తిప్పి చూసినా.
"ఏది బాగుంది?"
వీధిలో ఎవరిదో బండి పోయింది.
"తెలీలే పాపా."

స్కేలు జరిగిన చప్పుడు. పెన్సిలు గీత.
టువాలు విప్పి చూస్తే
ఐదు గడుల పక్కన ఆరోది గీసింది.
దాంట్లో నా పేరు రాసి,
కింద చానా ఖాళీ ఇడిసిపెట్టింది.