గడి

నవంబరు మిల్వాకీలో నాలుగున్నరకే చీకటి.
నాలుగో అంతస్తులో బల్ల చుట్టూ ఏడుగురం.
కాలేజీ లాయరు గ్రెచెన్
ఉన్ని కోటు విప్పకుండానే చెప్పింది:
తీర్పు వచ్చింది కదా,
ఇక ఆ గడి మీకు కనిపించదు.
పిల్లలు నింపుతారు, సాఫ్ట్‌వేరు మూసేస్తుంది.
వ్యాసంలో వాళ్ళంతట వాళ్ళు చెప్పుకుంటే చదవచ్చు.
ఏం దాటి వచ్చారో లెక్కలోకి తీసుకోవచ్చు.
ఎవరన్నది మాత్రం తీసుకోకూడదు.

దాటిన ఏటిని చూడాలట,
తడిసిన ఒంటిని చూడకూడదట.

నేను తల ఊపాను.
మా వైపు ఆ మాటకి దీర్ఘమిస్తే దొర కోట.
గడీ ముందు నుంచి పోయేటప్పుడు
మా నాయిన సైకిలు దిగి నడిచేవాడు.
దొర పట్నం పోయి, తలుపులకు చెదలు పట్టి,
లోపల గబ్బిలాలు తప్ప ఏమీ లేనప్పుడు కూడా.
"ఎవలున్నరని దిగుతున్నవే?"
"అలవాటు, బిడ్డా."

పగలు నేను కిడ్నీల డాక్టర్ని.
చాలా ఏళ్ళు మా ల్యాబు రిపోర్టులో ఒక హెచ్చవేత ఉండేది.
అదే రక్తం, అదే క్రియాటినిన్,
మనిషి నల్లవాడైతే
ఒకటింబావుకి కాస్త తక్కువతో గుణించి
నీ అంకె బాగానే ఉంది, పొమ్మనేది.
ఓడెల్ ప్రిట్చెట్, ముప్పై ఏళ్ళు సిటీ బస్సు తోలినవాడు,
ఆ గుణకారం చాటున రెండేళ్ళు
మార్పిడి జాబితా బయటే నిలబడ్డాడు.
అప్పుడా గడి అందరికీ కనిపించేది.
నాక్కూడా.
రిపోర్టు కింద సంతకం నాదే.

మొన్న శనివారం బ్రూక్‌ఫీల్డులో భోజనాలు.
గోంగూర మటన్ వడ్డిస్తూ శేషఫణి గారు
"ఇన్నాళ్ళకి మెరిట్ గెలిచిందండీ" అన్నారు.
వాళ్ళమ్మాయి హంసిని
వెయిటింగ్ లిస్టు అంచుదాకా వచ్చి జారిపోయింది, రెండుసార్లు.
అది అబద్ధం కాదు.
ఆ పిల్ల కళ్ళ కింది నలుపూ అబద్ధం కాదు.
ఆమె ముందు వాదించడానికి నాకు నోరు రాలేదు.
పెరుగన్నం దగ్గర అడగనే అడిగారు:
"అప్పట్లో మీ ర్యాంకెంతండీ, డాక్టరు గారూ?"

ఇరవై రెండేళ్ళుగా ఈ దేశంలో
ఆ ప్రశ్నకి నా దగ్గర ఒక అంకె సిద్ధంగా ఉంది.
మూడంకెలది, శుభ్రమైనది, నాది కానిది.
నాది వరంగల్లులో నోటీసు బోర్డు మీద
వానకి అలుక్కుపోయిన కాగితంలో ఉంది,
పక్కన రెండక్షరాలతో.
పేరు అలుక్కుపోయింది గానీ ఆ రెండూ చక్కగా కనిపించాయి.
వారం తిరగకుండా హాస్టల్లో
నా బకెట్టు మీద ఎవరో ఎర్ర పెయింటుతో గీత గీశారు.
అయిదేళ్ళు ఆ గీతతోనే స్నానం చేశాను.

ఫైలు 4417.
పేరు లేదు, గడి లేదు.
వ్యాసంలో ఒక తాత, తెల్లవారి అయిదింటి డయాలసిస్ కుర్చీ,
ఇంట్లో ఉప్పు డబ్బా దాచేసిన పదేళ్ళ మనవడు.
"ఇది అనుభవమా, జాతా?" అన్నాడు డీన్.
గ్రెచెన్ కళ్ళజోడు తుడుచుకుంది.
"మూడో పేరా కొంచెం అటూ ఇటూ."
చదివాను. అందులో రంగు ఊసే లేదు.
ఒక్కటే వాక్యం:
*తాత బస్సు దిగలేనంతగా వాచిపోయినా
అంకె బాగానే ఉందని చెప్పేవారు.*

ఆ బల్ల దగ్గర
అది అర్థమైంది నాకొక్కదానికే.
విప్పి చెబితే గడి తెరిచినట్టు.
చెప్పకపోతే అంకె మళ్ళీ బాగానే ఉన్నట్టు.

"ఈ తాత నా పేషెంటు కావచ్చు" అన్నాను.
అన్నది అంతే.
రూలు ప్రకారం నన్ను బయట కూర్చోమన్నారు.

కారిడార్లో కుర్చీ ఉంది, మెత్తనిది.
చాలాసేపటికి గానీ తెలియలేదు
నేను నిలబడే ఉన్నానని.

ఫోను తీసి శేషఫణి గారికి రాశాను:
నా ర్యాంకు మూడువేల ఎనిమిది వందల పన్నెండు.
ఆ రోజు చెప్పింది నాది కాదు.
గీతలు నీలమయ్యాయి. జవాబు లేదు.
లోపల ఎవరో నవ్వారు, దేనికో.
తలుపింకా తీయలేదు.