‘పి’లో పలకదు

తాళం తిప్పితే టక్కుమని కూడా అనదు.
డాష్‌బోర్డు దీపాలు మాత్రం
అన్నీ వెలుగుతాయి, ఏమీ ఎరగనట్టు.

హైమవతి పాత్రో, గ్రామీణ బ్యాంకులో క్యాషియరు.
ఎడమకాలికి ఇనప కాలిపరు.
అందుకే క్లచ్చి లేని ఈ పాతకారు,
భువనేశ్వర్లో ఎవరో వాడి వదిలేసింది.

"నెల్లాళ్ళయింది, ఇదే వరస.
‘పి’లో పలకదు.
‘ఎన్’లోకి తోసి, గేరు కర్రని కాస్త ఊపి
బతిమాలితే పలుకుతాది.
నిన్న బ్యాంకు ముందర, వానలో,
పావుగంట బతిమాలేను."

బ్యాటరీ ఇది మూడోది. స్టార్టరు రెండోది.
రాయగడలో మేస్త్రీలందరం తలో చెయ్యీ వేసి
ఆవిడ జీతాన్ని
ఒక్కో బోల్టూ విప్పేం.

చక్రాలకి సుకురు చేత రాళ్ళు పెట్టించి
గోనెపట్టా పరిచి కిందకి దూరేను.
గేరుబాక్సు పక్కన, అరచేతిలో సగం స్విచ్చి,
ఏ కొండదారిదో ఎర్రమట్టి అట్టకట్టి.
ప్లగ్గు పీకి, మీటరు ముళ్ళు ఆనించి
"‘పి’లో పెట్టండమ్మా."
మూగ.
"‘ఎన్’."
కుయ్‌మంది. ఆగింది.
"కొంచెం కదపండి."
కుయ్, మళ్ళీ కుయ్,
నిద్రలో మాటాడే మనిషిలాగ.

బోల్టులు వదులుచేసి అటూ ఇటూ తిప్పి చూసేను,
చోటు తప్పిందేమోనని.
చోటు కాదు. లోపలే పోయింది.

సుకురు వంగి చూసేడు.
"భాయీ, తీగముక్కతో రెండు పిన్నులూ కలిపేస్తే?
పది రూపాయల పని.
బండి ఎందులోనైనా స్టార్టయిపోద్ది కదా?"

అయిపోద్ది.
ఎందులోనైనా.

గున్నేసు మేస్త్రి అదే చేసేడు,
నేను సుకురంత ఉన్నప్పుడు, ఒక ట్రాక్టరుకి.
వరికోతల రోజులు. ఆసామికి తొందర.
తీగ ఒలిచి ఇచ్చింది నేనే.
మర్నాడు, గేరులో ఉన్న సంగతి మరిచి
నేలమీద నిలబడే తాళం తిప్పేడు డ్రైవరు.
ఇంజను కాదనలేదు.
కాదనే నోట్లో
ముందురోజే తీగ కుక్కేం కదా.

షెడ్డు గోడకి ఆ పగులు ఇంకా ఉంది.
రెండుసార్లు సిమెంటు పూసేను, మళ్ళీ తేలింది.
గోడకీ ట్రాక్టరుకీ మధ్యన
ఆవేళ ఎవరున్నారో
సుకురుకి ఎప్పుడూ చెప్పలేదు.
మేస్త్రి ఆ తరవాత
సైకిళ్ళు తప్ప మరేదీ ముట్టుకోలేదు.

"లేదురా. కొత్తది తెప్పిద్దాం."

విశాఖపట్నం నుంచి రెండోరోజు రైల్లో వచ్చింది,
ఎవరివో మందుల డబ్బాల కింద.
రెండువేల ఆరువందలు.
నా మొహం చూస్తూనే, నోట్లకేసి చూడకుండా
లెక్కపెట్టి ఇచ్చింది ఆవిడ.

పాతది విప్పి చూపించేను.
రాగిరేకు నల్లబడిపోయి ఉంది.
పక్కన ఒక నీటిచుక్క, ఏ ఏటి వానదో.
"ఈ చుక్కకేనా ఇన్నాళ్ళు!"
అని నవ్వబోయి మానేసింది.

బ్యాటరీ మైనస్ తీగ తీసి,
గేరు ‘ఎన్’లో ఉంచి,
కొత్త స్విచ్చి ఇరుసుకి తొడిగి,
గీతా గాడీ ఒక్క వరసలోకి వచ్చేదాకా
ఊపిరి బిగబట్టేను.
వెంట్రుకవాసి పక్కకి పోతే
మళ్ళీ ఇదే కథ.
అప్పుడు బిగించేను, రెండు బోల్టులూ,
ఒకదాని తరవాత ఒకటి, కొంచెం కొంచెం.

‘పి’. పలికింది.
ఆపేం. ‘ఎన్’. పలికింది.
ఆపి, వెనక గేరు. చప్పుడు లేదు.
‘డి’. చప్పుడు లేదు.

"అయ్యో, మళ్ళీ పోయిందేటి?"
"లేదమ్మా. ఇప్పుడే బాగయింది.
ఒద్దన్నచోట ఒద్దంటోంది."

ఆవిడ నమ్మలేదు.
నేను చేతులకి కిరసనాయిలు రాసుకుంటున్నాను.
సుకురు బంపరు ముందుకెళ్ళి
చక్రాల రాళ్ళు తీసి
గోడకి వీపు ఆనించి నిలబడ్డాడు,
సరిగ్గా ఆ పగులు దగ్గర.
ఆవిడ, గేరు ఇంకా ‘డి’లోనే ఉండగా,
ఇంకొక్కసారి చూద్దామని
తాళం తిప్పింది.

కేక నా గొంతులోనే ఉంది.

ఏమీ జరగలేదు.