గంట ఎన్నిసార్లు

నరసాపురంలో లేసు గోదాము మేడమీద
పదకొండు సంస్థలు, ఇరవై రెండు కుర్చీలు,
ఒకటే ఫ్యాను.
ప్రార్థన అయ్యాక పరిచిన చార్టు కాగితం
లేచిపోకుండా నాలుగు మూలలా
నాలుగు కొబ్బరిబొండాలు పెట్టాం.
మినిట్సు రాసేది నేను.

ఏలీషా గారు ఎర్ర స్కెచ్చుపెన్నుతో
'సమాచార ప్రణాళిక' అని రాసి
కింద గళ్లు గీశారు.
ఏమిటి, ఎవరికి, ఎప్పుడు, ఎవరి ద్వారా.
ఆ గళ్లలోకి
కుష్టు ఆసుపత్రీ, అంధుల బడీ, తుఫాను షెల్టరు కమిటీ
ఒద్దికగా వచ్చి కూర్చోవాలి.
కూర్చోలేదు.

పాలకొల్లు వాళ్లకి తమ లోగో ముద్దు.
రాజోలు వాళ్ల పేరు ముందుండాలట.
పోనీ అక్షరక్రమంలో పెడదామంటే
క్షేమాలయం వాళ్లు అలిగారు.
'అందరం ఒకే దేహంలో అవయవాలం'
అన్నారు పాస్టరు బర్నబాసు గారు.
'నిజమేనండి, నోళ్లు మాత్రం పదకొండండి'
అంది టీలు తెచ్చిన సువార్తమ్మ.
నవ్వాం. అది రాయలేదు.

పోయిన వరదకి
ధవళేశ్వరంలో రెండో హెచ్చరిక ఇచ్చిన రాత్రి
మాలో ఒకరు 'లంక ఖాళీ చెయ్యండి' అన్నారు,
ఒకరు 'కంగారు పడకండి' అన్నారు,
ఇంకొకరు వాక్యం రాసిన గులాబీపువ్వు బొమ్మ పంపారు.
మేకల్ని విప్పాలో కట్టాలో తెలీక
యోబు పలుపు పట్టుకుని
తెల్లార్లూ ఏటిగట్టు మీద నిలబడ్డాడు.
పులిహోర పొట్లాలు ఒకే వీధికి మూడుసార్లు వెళ్లాయి.
అవతలి వీధి
ఎర్రనీళ్లు వడగట్టుకు తాగి పడుకుంది.

మధ్యాహ్నం
'మన సేవ లోకానికి చూపించడం ఎలా' అన్న దగ్గర
లబ్ధిదారుల ప్రతినిధి, బూరుగులంక దానమ్మ,
పొద్దుటినుంచీ ఆపని లేసు సూది ఆపింది.
సంచిలోంచి పాత క్యాలెండరు తీసింది.
ఆగస్టు నెల మీద తనే.
నడుంలోతు నీళ్లు, చాచిన చేతులు.
'మా కోడలి పుట్టింట్లో గోడకుందండి.
ఆవేళ నేను బియ్యం అడగలేదండి.
పక్కింటి పిల్లని పడవలోకి అందిస్తున్నానండి.
పిల్లని కోసేసి
చేతులుంచారండి.'

ఫ్యాను చప్పుడు.
ఏలీషా గారు పెన్ను మూత పెట్టారు, తీశారు, మళ్లీ పెట్టారు.
క్యాలెండరు వేయించింది మా సంస్థే.
ఫోటో నా కంప్యూటర్లోనే తయారైంది.
'కత్తిరించబడింది' అని రాశాను.
కొట్టేశాను.
'కత్తిరించాను' అని రాశాను.

ఆ తర్వాత దానమ్మ
'ఎవరి ద్వారా' గడి మీద వేలుపెట్టింది.
'మా లంకలో సెల్లు పలికేది గట్టు మీదేనండి.
వరదొస్తే ముందు తడిసేదీ అదేనండి.
చర్చి గంట తడవదు కదండీ.
రామాలయం వీధికీ వినపడుద్ది,
సాయిబుల వీధికీ వినపడుద్ది.'

ఆదివారం మోత వేరు, చావు మోత వేరు.
మరి నీళ్లకి?
దీపాలు పెట్టేదాకా పెద్దమనుషులందరూ
బల్ల మీద వేళ్లతో కొట్టి చూసుకున్నారు.
మూడు, ఆగి మూడు: సామాన్లు అటకెక్కించండి.
ఆగకుండా: పడవల దగ్గరికి.
ఒక్కొక్కటి మాత్రం వద్దు,
అది పోయినవాళ్లది.
కొట్టేవాడికి కబురు ఒక్కరే చెప్పాలి.
ఎవరన్నది తేలక చీటీలు వేస్తే క్షేమాలయం వచ్చింది.
ఎవరూ అక్షరక్రమం అడగలేదు.

సఖినేటిపల్లి పంటు మీద
దానమ్మ పక్కన నిలబడ్డాను.
క్షమాపణ నోటిదాకా వచ్చింది,
ఇంజను మోతలో కలిసింది.
తను వశిష్ట కేసే చూస్తూ
'పిల్లున్న ఫోటో ఉందా?' అంది.
ఉందన్నాను.
'పెద్దది చేయించండి.
అదిప్పుడు ఐదోక్లాసు.'
రేవు దగ్గరపడుతుంటే మళ్లీ అంది,
'వాళ్లమ్మని అడిగి.'