అలాంటిదే ఇంకోటి

మొన్నటిది అయిపోయిందా బాబాయ్?
పదహారు భాగాలూ?
అయితే ఆ కళ్లెరుపు నిద్ర లేకే అన్నమాట,
నేనింకా పిన్నితో గొడవేమో అనుకున్నా.

"అలాంటిదే ఇంకోటి చెప్పవే" అంటాడు
రిటైర్డ్ హెడ్ కానిస్టేబుల్ ఏలీషా,
అరటికాయ బజ్జీల పొట్లం కౌంటరు మీద పెట్టి.

బెజవాడ కోర్టు పక్కసందులో నాది జిరాక్స్ షాపు.
ఎఫ్ఐఆర్లూ పంచనామాలూ
పేజీ రెండు రూపాయల చొప్పున
రోజంతా వేడివేడిగా కక్కుతుంది మిషను.
చదవకూడదు. చదువుతాను.
రాత్రి షట్టరు సగం దించి
తెలియని భాషలో ఏడ్చేవాళ్లను చూస్తాను.
తెలిసిన భాషలోవి పగటికి సరిపోతాయి.

కింద పరిగెత్తే ఇంగ్లీషు అక్షరాలు ఆయనకి అందవు.
నేనే చదివి చెప్పాలి.
నా నోట్లో పడ్డాక కొరియా ఇన్‌స్పెక్టరు కూడా
"ఏందిరా, చెప్తావా, నాలుగు తగలనియ్యమంటావా" అంటాడు.
అమ్మది తెనాలి, నేనేం చెయ్యను.

సరే, విను.
ఉప్పుమళ్ల దీవిది ఒకటుంది.
గుమాస్తా కూలీల పద్దు రాస్తుంటాడు,
పద్దులో పేరుంటుంది, మళ్లో మనిషుండడు.
మూడో భాగం దాకా నువ్వు ఓపిక పట్టు,
ఆపైన అదే నిన్ను పట్టుకుంటుంది.

జపానుది నెమ్మది. మరీ నెమ్మది.
పడవల రేవులో టిక్కెట్లు చింపే ఆవిడకి
హంతకుడెవరో మొదటిరోజే తెలుసు.
ఎనిమిది భాగాలూ టిక్కెట్లు చింపుతూనే ఉంటుంది.
పిన్నితో కలిసి చూడకు.

థాయ్ వాళ్లది ఐసు ఫ్యాక్టరీ.
అది భోంచేశాక వద్దు.

చైనాది లిఫ్టులు బాగుచేసేవాడి కథ.
పద్నాలుగో అంతస్తులో తలుపు తీసేముందు
ఒక్క క్షణం కళ్లు మూసుకుంటాడు.
ఎందుకో చెప్పను.

తైవానుది మాత్రం వాన.
మొదలు నుంచి చివరిదాకా వాన.
మన మే నెలకి అంతకంటే మందు లేదు,
కరెంటు పోయినా గోడలు చెమ్మగా ఉంటాయి.

ఆయన నవ్వలేదు.
"వీటిల్లో పోలీసులు ఎందుకమ్మా అలా ఉంటారు?
ఇంటికి పోరు, గడ్డం గీసుకోరు,
పాతికేళ్లనాటి ఫోటో పర్సులో పెట్టుకు తిరుగుతారు.
మాకెక్కడిదమ్మా అంత తీరిక?
పుష్కరాల బందోబస్తు. మంత్రిగారి కాన్వాయి.
ఒక్క కేసునే తలుచుకుంటూ కూర్చుంటే
జీతం ఎవడిస్తాడు?"

"పోనీ నువ్వే ఒకటి చెప్పు బాబాయ్" అన్నాను, ఊరికే.

పొట్లం కాగితం మీద నూనె మెల్లగా పాకుతోంది.
ఎవరిదో బెయిలు పిటిషను,
నేను బజ్జీల బండికి పడేసిన చెడ్డ కాపీయే.

"ఏలూరు కాలవ" అన్నాడు.
"నీళ్లు కట్టేసిన నెల, అడుగు కనబడుతోంది.
ఒక గోనెసంచి.
లోపలేముందో నీకు తెలుసు, ఇన్ని చూశావు.
నీకు తెలియంది చెప్తా. దాని మూతి కుట్టు.
ఎర్రదారం. ఇంత దూరానికి ఇన్ని పోట్లని
కొలిచి వేసినట్టుంది.
'ఎవడో పద్ధతైన మనిషయ్యా' అన్నాడు మా ఎస్సై.
వన్‌టౌన్ గోడౌన్లలో బస్తాలు కుట్టే ప్రతివాడి చేతినీ చూశాను.
ఎవడి కుట్టూ అలా లేదు."

"తర్వాత?"

"తర్వాత కాలవకి నీళ్లొదిలారు."

లేచాడు. చేతులు తుడుచుకున్నాడు.
షట్టరు కింద నుంచి వంగి దూరుతూ,
నాతో కాదన్నట్టు,
"బియ్యం బస్తా ఇంటికొస్తే ఇప్పటికీ మీ పిన్ని విప్పదు.
ముందు నేను చూడాలి."

తైవానుది పెట్టుకున్నాను. పావుగంటకి ఆపేశాను.
అమ్మ పంపిన మినుముల సంచి
రెండు వారాలుగా మూలన పడుంది.
ఫోను లైటు వేసి మూతి చూశాను.
తెల్లదారం.
వంకరటింకర, ఒకచోట రెండు పోట్లు, ఒకచోట అసలే లేదు.
అమ్మయ్య.

రేపు ఆయనకిచ్చే పెన్‌డ్రైవ్‌లోంచి
ఉప్పుమళ్లది తీసేశాను.
దాన్నిండా గోనెసంచులే.