తొమ్మిదో చుక్క

స్టీరింగు కింద, మోకాలు తగిలే కాడ
అగ్గిపెట్టెకు అన్న లెక్క కూసున్నవు.
నువ్వొచ్చి ఆర్నెల్లాయె.
పాల సంఘం బండ్లు పదిహేడు,
పదిహేడింటికీ నీ అసోంటి డబ్బాలే బిగిచ్చిన్రు.
నల్లగొండ ఆఫీసుల ఫర్హానా మేడం తెర మీద
మేం చుక్కలం.
పచ్చగుంటే పోతున్నట్టు, ఎర్రగుంటే ఆగినట్టు.
నేను తొమ్మిదో చుక్కను.

నెలకొక్క కాగితమొస్తది.
సడన్ బ్రేకులు ఇరవై రెండు.
అవ్, ఇరవై రెండే.
గుర్రంపోడు దాటినంక గొర్ల మంద,
కురుమాయన ముందల, కుక్క ఎనుక,
నడుమ నా బ్రేకు.
లైను తప్పుడు ముప్పయ్యొకటి.
రోడ్డు సగం వడ్లారబోస్తే
గింజల మీదికెల్లి సక్కగ పోవాల్నా?
రాళ్లు పేర్చి, రాళ్లకు సున్నం రాసి
గొంగడి కప్పుకొని ఒకామె కావలుంటది.
ఆమె నీ లెక్కల లేదు.

ఇట్ల నిన్ను తిడుతుంటి రోజూ.

ముప్పై ఏండ్లు చెవితోనే బండి నడిపిన.
ఇంజను దగ్గితే తెల్సు,
గేరు పండ్లు కొరికితే తెల్సు.
జానీమియా పానా పట్టకముందు
నా మొకం దిక్కు చూసేటోడు.

మొన్న కొండమల్లేపల్లి కాడ ఫోనొచ్చింది.
"ముత్తిలింగమన్నా, ఎడమ ఎనుక చక్రం బేరింగు
మూడ్రోజుల సంది అదురుతున్నదని చూపెడుతున్నది.
చప్పుడొస్తలేదా నీకు?"
బండి మెల్లగ పోనిచ్చి, తల బయట పెట్టి ఇన్న.
మంచు. పాల వాసన.
ఆపి, దిగి, చెయ్యి పెట్టిన.
చెయ్యి కాలింది.
చెవికి మాత్రం ఏమీ ఇనబడలే.

"వస్తున్నది మేడం, ఇయ్యాల షెడ్డుకు తెద్దామనే అనుకున్న."

ఇంట్ల టీవీ గట్టిగ పెడుతున్నవని
మనవరాలు నవ్వుతుంటే
దానికి పరాచికాలెక్కువని అనుకుంటి.

ఈ నెల కాగితం గూడ వచ్చింది.
బ్రేకులున్నయి. వడ్లు తప్పిచ్చిన తప్పులున్నయి.
"రిపేరు సకాలంల" అని అడుగున ఒక మెచ్చుకోలు.
నా చెవి సంగతి ఒక్క ముక్క లేదు.
నీకు తెల్సు, నాకు తెల్సు.

తెల్లారగట్ల అద్దం తుడిచిన గుడ్డతోని
నీ మీది దుమ్ము గూడ తుడుస్తున్న ఇప్పుడు.
తాళం తిప్పుత.
నీ కన్ను పచ్చగ మినుకుతది.
ఏం ఇంటున్నవో,
జెర గట్టిగ చెప్పు.