నలభై నిమిషాలు

ఎముకలు కొరికే చలి అంటారు.
మా ఇంట్లో ఎముకల్ని కొరికేది చలి కాదు,
పొద్దున్నే ఓట్స్ జావలో నేను నలిపి కలిపే తెల్ల మాత్ర.
కండని పట్టి ఉంచుతుంది, ఎముకని తింటుంది.
ఒక చేత్తో ఇచ్చి ఇంకో చేత్తో గుంజుకునే షావుకారు.

పోయిన శీతాకాలం యూస్టైన్ తుమ్మాడు.
అంతే, తుమ్మాడు.
వెన్నులో ఒక పూస
తడిసిన అగ్గిపెట్టెలా నలిగింది.
మూడు రోజులు గ్యాస్ నొప్పి అనుకున్నవాణ్ణి,
డాక్టర్ గున్‌వోర్ ఎక్స్‌రే చూపిస్తుంటే
ఆవిడ వేలి గోటి మీది ఎర్ర రంగునే చూస్తూ కూర్చున్నాను.

ఇప్పుడు ఆరు నెలలకోసారి సెలైన్‌లో ఎముకల మందు.
రోజూ ఒక చెంచా కాడ్ చేప నూనె,
దానికి సరిపడా వాడి తిట్లు.

రాత్రిళ్ళు వాడి మడమలు నావి.
వలలు బాగుచేసే చేతులు నావి,
తడి తాడు ఎంత లాగితే సాగుతుందో
ఎంత లాగితే తెగుతుందో ఎరిగినవి.
ఆ లెక్క ఇక్కడ పనికిరాదు.
పాదాన్ని అరచేతిలోకి తీసుకుని, మెల్లగా పైకి వంచి
ముప్పై దాకా లెక్కపెడతాను.
పదిహేడు దగ్గరే వాడు "ఇరవై తొమ్మిది" అనేస్తాడు.

నిన్న కోణమానిని లాక్కుని నా చీలమండ కొలిచాడు.
"నాన్నా, నీది నాకంటే బిగుసుకుపోయింది.
రేపట్నుంచి పడుకునేటప్పుడు నీకూ పట్టీలు."

వారాంగర్ తీరాన రెండు నెలలుగా సూర్యుడు లేడు.
కిటికీ దగ్గర వాణ్ణి నిలబెట్టే చట్రం.
మోకాళ్ళకో పట్టీ, నడుముకో పట్టీ, రోజూ నలభై నిమిషాలు.
బరువు మోస్తేనే ఎముకకి
తాను ఎముకనని గుర్తుంటుందట.

చక్రాల కుర్చీలోంచి ఆ కిటికీ
సగం గోడ, సగం ఆకాశం.
నిలబడితే రేవు, పడవలు, ఐస్ ఫ్యాక్టరీ గొట్టం.
నిలబడితే వాడు వాళ్ళమ్మ భుజం దాటాడు.
ఎప్పుడు ఎదిగాడో మేమెవరం చూడలేదు.

ఇవాళ పన్నెండు కావస్తుండగా అరిచాడు.
ఏది విరిగిందోనని సబ్బు చేతులతో పరిగెత్తాను.
నీటి అంచున
గోరంత.
ఎర్రగా.
"ఊళ్ళో నేనే ముందు చూశా."

అది మునిగేదాకా ఇద్దరం కదల్లేదు.

"ఇంక దించు నాన్నా, మోకాళ్ళు."
గడియారం చూశాను. ఇంకా పదకొండు నిమిషాలు.
ఎండలో నిలబడ్డ నిమిషం పదకొండుకి సమానమని
లెక్క చెప్పాడు.

పట్టీ విప్పాను.