వదులు

బెండిగో శివార్లో, గాలి ఆగిన ఆదివారం,
మెర్విన్ గ్యారేజీలో
పాత విమానం తోక విప్పాం.

హార్న్ రంధ్రం అరిగి కోడిగుడ్డు ఆకారమైంది.
పళ్లూడిన నోట్లో నాలుకలా
పుష్‌రాడ్ అందులో ఆడుతోంది.
"రెండు మిల్లీమీటర్ల బద్ధకం" అన్నాడాయన.

లోహపు పళ్ల సర్వోలు, బాల్ లింకులు, కార్బన్ కడ్డీ,
ఒక్కో మరకి ఒక్కో చుక్క జిగురు.
ఎలివేటర్‌ని వేలితో నొక్కి చూశాను:
వెంట్రుకవాసి కదల్లేదు.

ఎగరేశాడు.
యూకలిప్టస్ కొమ్మల మీద
పసుపు రెక్కలు సన్నగా వణికాయి.
గాలి లేదే!
ఆయన బొటనవేలు చూసి
చూపు తిప్పుకున్నాను.

ఇన్నేళ్లూ ఆ అరిగిన రంధ్రమే
వణుకుని మింగి
ఎవరికీ చెప్పకుండా దాచిందన్నమాట.

దించాక, ట్రాన్స్‌మిటర్ పట్టీ
చాలాసేపు చుడుతూ నిలబడ్డాడు.
"పాత హార్న్ పారేశావా?"

జేబులోంచి తీసిచ్చాను.